గుబులు కాటా

గుంతలో అరచెయ్యి పెట్టగానే పైడితల్లికి భయమేమీ వెయ్యలేదు. ఇంత ఉక్కలో ఈ గదిలో ఫ్యాను ఎందుకు తిప్పలేదా అని మాత్రం అనిపించింది.

అది పాలగెడ్డ మునిసిపల్ ఆఫీసులో పాత రికార్డుల గది. బీరువాలన్నీ వరండాలోకి నెట్టేసి, మధ్యలో ఒక టేబులు వేసి, దాని మీద కొత్త యంత్రం పెట్టారు. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. చెయ్యి పట్టేంత గుంత ఉన్న ఒక లోహపు పలక, ఎదురుగా ఒక తెర, పక్కన గోడగడియారమంత పళ్ళెంలో సన్నటి ముల్లు. దాన్ని కనిపెట్టిన శర్వాణి మేడమ్ కుర్చీని ఫ్యాను కింద వేసుకోకుండా గోడ మూలకి ఈడ్చుకుని కూర్చుంది. ఆవిడ మెడ మీంచి చెమట ధారగా కారుతోంది.

"సిద్ధమేనా అమ్మా?"

"ఆ" అంది పైడితల్లి. నోరు పిడచకట్టుకుపోయింది.

పిడచకట్టించింది యంత్రం కాదు, బంగారునాయుడు. ఆయన పైడితల్లి వాళ్ళ వార్డు కౌన్సిలరు ధనలక్ష్మిగారి మొగుడు. సంతకాలు ఆవిడవి, మిగతావన్నీ ఆయనవి. పొద్దున్నే ఆటో పంపించి మరీ పైడితల్లిని పిలిపించుకుని, వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే నూరిపోత.

"సూడు తల్లీ, లోపలికెల్లినాక ధైర్యం తెచ్చుకోకు. ధైర్యం తెచ్చుకున్నావంటే మన వార్డు మునిగిపోతాది. నీ గుంట లిఖిత ఆ కాలవలో పడినాది సూడు, ఆ రోజు గుర్తు తెచ్చుకో. నీళ్ళెలాగున్నాయి? నల్లగా లేవూ? నువ్వు రెండు నిమిషాలు ఆలస్యంగా తిరిగి సూసుంటే ఏటయ్యేది? అదీ. అదే మనసులో ఎట్టుకుని ఎల్లు."

"బాబూ, నాకిప్పటికే కాళ్ళు ఆడ్డం నేదు."

"ఆడక్కర్నేదు. అందుకేగా నిన్ను తెచ్చినాను."

ఇదివరకు బడ్జెట్టుకి ముందు మునిసిపాలిటీ వాళ్ళు జనాన్ని హాల్లోకి పిలిచి మైకు చేతికిచ్చేవారు. ఎవడి గొంతు పెద్దదైతే వాడి వీధికి రోడ్డు పడేది. ఆడవాళ్ళు గోడకి జేరబడి విని, టీ తాగి వెళ్ళిపోయేవారు. శర్వాణి మేడమ్ ఈ యంత్రం తెచ్చాక మైకు తీసేశారు. తెర మీద ఊళ్ళోని చోట్ల ఫొటోలు ఒక్కొక్కటీ వస్తాయి. నువ్వు నోరు విప్పక్కర్లేదు, చెయ్యి పెడితే చాలు. ఏ చోటు చూసి ఎంత బెంగపడుతున్నావో ముల్లు చెబుతుంది. ఎంతమంది చెయ్యి పెట్టినా అన్నిటికన్నా పైకి లేచిన తూకమే లెక్క, ఆ చోటికి ముందు డబ్బు. కాగితాల మీద దాని పేరు ప్రజాభిప్రాయ మాపకం. ఊరు మాత్రం గుబులు కాటా అని పిలుచుకుంది.

తెర మీద బజారు వచ్చింది. ముల్లు కదల్లేదు. నీళ్ళ ట్యాంకు వచ్చింది. కాస్త ఊగి ఆగింది. తరవాత పెద్దకాలవ వచ్చింది, వాళ్ళ గుమ్మం ముందరి కాలవ.

అరచేతి కింద లోహం గోరువెచ్చబడింది. ఆ వెచ్చదనం మోచేతి దాకా, భుజం దాకా పాకి గుండెలో దూరింది. పైడితల్లి ఇక ఆ గదిలో లేదు. కుళాయి దగ్గర బిందె ఎత్తుతోంది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో లిఖిత లేదు. అప్పటికింకా నడక సరిగ్గా రాని పిల్ల. నల్లటి నీళ్ళ మీద ఎర్ర రిబ్బను ఒక్కటే తేలుతోంది. బిందె వదిలేసింది. జుట్టు దొరికింది. లాగింది. పిల్ల ఏడవలేదు. ఏడవలేదు. ఎందుకు ఏడవడం లేదు...

"అయిపోయిందమ్మా. చెయ్యి తీసెయ్యండి."

ముల్లు పళ్ళెం చివరున్న మేకుకి కాస్త ఇవతల ఆగిపోయి ఉంది.

బయట వరండాలో బంగారునాయుడు ఈల వేశాడు. వీధివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. "తూగినాది! మన వార్డే తూగినాది!" ఎవరో పైడితల్లి నోట్లో మైసూర్‌పాకు ముక్క కుక్కారు. ఆమెకి దాని తీపి తెలియలేదు. చెయ్యి ఇంకా ఎర్ర రిబ్బను పట్టుకునే ఉంది.

వెళ్ళబోతుంటే శర్వాణి మేడమ్ గుమ్మం దాకా వచ్చింది.

"కొన్నాళ్ళు బెంగగానే ఉంటుంది. మన భయం చాలావరకు నిద్రలో ఉంటుందమ్మా. దాన్ని కాస్త లేపితేగాని యంత్రానికి కనపడదు. ఒకసారి లేపింది మళ్ళీ నిద్రపోతుంది. రెండోసారి మాత్రం ఎవరు చెప్పినా చెయ్యి పెట్టకండి."

"ఏల మేడమ్? ఎడితే ఏటవుతాది?"

మేడమ్ తలెత్తి, తిరగని ఫ్యాను వైపు చూసి, వెంటనే చూపు దించేసుకుంది. "పెట్టకండి, అంతే" అంది.

*

ఆ తరవాత రోజులు పైడితల్లి ఇంట్లో వాళ్ళకి నరకం చూపించింది. మామూలుగానే ఆమె వర్షం పడితే కరెంటు తీగ తెగుతుందనీ, తెగకపోతే పిడుగు పడుతుందనీ అనుకునే మనిషి. ఇప్పుడు జాకెట్టు కుడుతూ కుడుతూ మిషను ఆపి గుమ్మంలోకి పరిగెత్తేది. అయిదో తరగతి చదివే లిఖితని బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది.

"అమ్మా, నా కిలాసు గుంటలందరూ నవ్వుతన్నారే."

"నవ్వనీ. పళ్ళేగా కనపడతాయి, పేనాలు పోవు."

"కాలవ మీద సిమెంటు మూతలేసేస్తారంట కదా. ఇంకేటి నీ భయం?"

"మూతలు పడ్డాక సూద్దాం."

భర్త చిన్నంనాయుడు జూటు మిల్లులో మగ్గాల దగ్గర పని. "మీయమ్మ భయానికి మునిసిపాలిటీ డబ్బులిచ్చినాదే లిఖీ. రాష్ట్రం మొత్తానికి పంపిస్తే దేశాన్నే బాగు సేసీగలదు" అని నవ్వేవాడు. మేడమ్ చెప్పినట్టే కొన్నాళ్ళకి రిబ్బను కళ్ళ ముందు కదలడం తగ్గింది. భయం నిద్రలోకి జారుకుంటోంది.

అప్పుడే వానలు మొదలయ్యాయి.

ఆ రోజు సాయంత్రం గుడ్డ కత్తిరిస్తూ కాస్త ఆలస్యమైంది. బడికి వెళ్ళేసరికి గేటు దగ్గర పిల్లలెవరూ లేరు. అటెండరు తాళం వేస్తున్నాడు.

"లిఖితా? సంజనతో కలిసి గెడ్డవైపు ఎల్లినాదమ్మా. నోట్సు తెచ్చుకుంటానన్నాది."

గెడ్డవైపు! పైడితల్లికి ఆ వాగు వైపు పనే లేదు. గెడ్డకి అవతల గుడిసెల పేట ఉందనీ, సంజన అక్కడి నుంచే వస్తుందనీ తెలుసు. ఎలా వస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ప్రపంచంలో ఉన్న ప్రమాదాలన్నీ లెక్కపెట్టుకునే మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు.

చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో పరిగెత్తింది. గెడ్డ ఒడ్డుకి రాగానే ఆగిపోయింది.

వంతెన అంటే రెండు ఇనుప దూలాల మీద పరిచిన రేకులు. ఒక పక్క పట్టుకోడానికి తాడుంది. రెండో పక్క అదీ లేదు. మధ్యలో ఒక రేకు ఎగిరిపోయి ఖాళీ. ఆ ఖాళీలోంచి ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతూ కనపడుతున్నాయి. బడి నుంచి వెళ్ళే పిల్లలు ఆ ఖాళీ దగ్గరకి రాగానే సంచీ వీపు మీదకి ఎగదోసుకుని గెంతుతున్నారు. గెంతినవాళ్ళు నవ్వుతున్నారు. అవతలి నుంచి లిఖిత తిరిగొస్తోంది. చేతిలో నోట్సు. ఖాళీ ముందు ఆగి, వంగి, నీళ్ళలోకి చూస్తోంది.

అరవబోయింది పైడితల్లి. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. బతుకంతా అరిచిన మనిషి ఆ క్షణం ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చుకుంది. లిఖిత వెనక్కి రెండడుగులు వేసింది. గెంతింది. తడి రేకు మీద కాలు జారింది, తాడు దొరికింది, ఊగింది, నిలబడింది. నోట్సు మాత్రం గెడ్డలో పడి కొట్టుకుపోయింది.

ఒడ్డుకి వచ్చిన పిల్లని కొట్టలేదు, తిట్టలేదు. బురదలో కూలబడి గట్టిగా పట్టుకుంది.

"ఏటప్పా, అలాగ వణికిపోతన్నావు?"

నెత్తి మీద ఎరువు సంచీ గొంగడిలా కప్పుకున్న ఆడమనిషి పక్కన నిలబడి ఉంది. సంజన తల్లి ఎర్రయ్యమ్మ. ఇటుకల బట్టీలో పని చేసి ఇంటికి వెళ్తోంది.

"మీకు... మీకు భయం నేదేటమ్మా? రోజూ గుంటల్ని దీని మీద పంపిస్తన్నారా?"

ఎర్రయ్యమ్మ పైడితల్లిని చిన్నపిల్లని చూసినట్టు చూసింది. "భయపడితే దాటలేం కదప్పా. భయపడ్డోడి కాలే జారతాది. అందుకే మా పేటలో గుంటలు మొదటిరోజు బడికెల్లినప్పుడు గెడ్డకి ఒక రాయి ఇస్తారు. గుప్పిట్లో రాయి పట్టుకుని, నా భయం ఇందులో ఉన్నాది అనుకుని నీళ్ళలోకి ఇసిరీయాల. ఆనక ఎనక్కి తిరిగి సూడకుండా దాటీయాల. మాయత్త నా సేత ఇసిరించినాది. నాను సంజన సేత."

"మరి ఆ కాటా? దాని దగ్గరికి ఎల్లనేదా?"

"ఎల్లకేటి, బట్టీ మానేసి పేటంతా ఎల్లినాం. వరసగా సేతులెట్టినాం. ముల్లు కదిలితే ఒట్టు! ఈ వార్డుకి ఏ బెంగా నేదు అని రాసీసుకున్నారు. ఈయేడు మాకు వంతెన కడతామని అనుకున్న డబ్బు ఎవలిదో కాలవకి మూతలెయ్యడానికి ఎల్లిపోనాదంట. ఆల్లకెంత బెంగుందో, పాపం."

ఆ "పాపం" వెక్కిరింత కాదు. నిజంగానే అంది. అనేసి, సంచీ సర్దుకుని, తాడు కూడా పట్టుకోకుండా వంతెన ఎక్కి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పైడితల్లి రికార్డుల గదికి వెళ్ళింది. చెప్పిందంతా విని శర్వాణి మేడమ్ కంప్యూటర్లో ఏదో వెతికి తెర తిప్పి చూపించింది. అది వంతెన ఫొటో. మండువేసవిలో తీసింది. గెడ్డలో చుక్క నీరు లేదు. రేకులన్నీ సరిగ్గా ఉన్నాయి. మనిషన్నవాడు లేడు.

"ఇదా నేను వాళ్ళకి చూపించింది?" అని తనని తనే అడుక్కుంది మేడమ్. "ఆ మాటకొస్తే మంచి ఫొటో పెట్టినా ముల్లు లేచేది కాదు. వాళ్ళు రోజూ భయాన్ని అణుచుకుంటేనే బతుకుతారు. నా యంత్రం అది చూసి ప్రమాదమే లేదనుకుంది."

"మరి సెప్పండి మేడమ్! మీరు సెప్తే ఇంటారు."

మేడమ్ అప్పుడే కమిషనరు గదికి వెళ్ళింది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. "ప్రతివాళ్ళూ తమ వీధే ప్రమాదమంటారు, ఎవరిది నిజమో తేల్చడానికే కదా మీ కాటా పెట్టించుకున్నాం, ఇప్పుడు మీరే నోటిమాట నమ్మమంటే ఎలా అన్నారు కమిషనరుగారు. కౌన్సిలు తీర్మానం ఉందట, అంకెలు మార్చడానికి వీల్లేదట. అభ్యంతరాలు వినే రోజు ఒకటే మిగిలింది, అది రేపే. ఆ రోజు ఊళ్ళో ఎవరైనా, ఏ ఫొటోకైనా చెయ్యి పెట్టచ్చు."

"ఎవలైనానా?"

"నిబంధన అలాగే రాశాం. పక్క వార్డు ఫొటో కోసం ఎవరూ రారులే అని రాశాం."

పైడితల్లి తన అరచెయ్యి చూసుకుంది.

"వద్దు" అంది మేడమ్ గభాల్న. "ఒక పని చెయ్యండి. ఆ ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి వెయ్యండి. నొక్కద్దు, ఊరికే వెయ్యండి."

పైడితల్లి లేచి స్విచ్చి మీద వేలు ఆనించింది. అంతే, శర్వాణి మేడమ్ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని కుర్చీలో ముడుచుకుపోయింది. అంత చదువుకున్న మనిషి పళ్ళు టకటకలాడుతున్నాయి. పైడితల్లి హడలిపోయి చెయ్యి లాగేసుకుంది.

"యంత్రం పరీక్షించేటప్పుడు ఫ్యాను బొమ్మ పెట్టుకున్నాను" అంది మేడమ్ కాసేపటికి, ఊపిరి కూడదీసుకుని. "ఎవరికైనా లోపల ఏ మూలో ఉంటుంది, తిరిగే ఫ్యాను ఊడి పడుతుందేమోనని. అంత చిన్న భయం పట్టుకోగలదా లేదా అని చూశాను. పట్టుకుంది. నమ్మకం చాలక రెండోసారి పెట్టాను. ఏళ్ళు గడిచాయి. మా ఇంట్లో ఒక్క ఫ్యానూ లేదు. మా అబ్బాయి వేసవి సెలవలకి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళిపోతాడు, ఉక్క భరించలేక. నాది ఫ్యాను, తప్పించుకు తిరుగుతున్నాను. మీరు పిల్లల్ని తప్పించుకు తిరగగలరా?"

*

ఊళ్ళో మాట దాగదు. ఆ సాయంత్రమే బంగారునాయుడు వచ్చి, చిన్నంనాయుడు వేసిన కుర్చీలో కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏటమ్మా, రేపు నువ్వు గెడ్డ అవతలోల తరఫున సెయ్యెడతావంట?"

"ఇంకా ఏటీ అనుకోనేదు బాబూ."

"అనుకోకు. ఇదిగో సూడు, ఇదేటి?" కాలవ వైపు వేలు చూపించాడు. వాన నీళ్ళకి కాలవ అంచుల దాకా పొంగి నల్లగా ఉరకలేస్తోంది. "నీ గుంటే కదా పడినాది. రేపు మూతల డబ్బు ఎల్లిపోయి, ఇంకోలి గుంట పడినాదనుకో. ఈ వీధి ఎవలి పేరు సెప్పుకుంటాది? నీ నిద్ర ఏటవుతాది?"

ఆ దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన వెళ్ళిపోయాక పైడితల్లి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అటు పక్కింటి బుడ్డోడు కాగితం పడవ కాలవలో వదులుతున్నాడు. పరిగెత్తుకెళ్ళి వాణ్ణి చంకనేసుకుని వాళ్ళమ్మకి అప్పగించి వచ్చింది. వచ్చాక మొగుడి ముఖం చూసింది.

"ఆయన సెప్పింది నిజమేకదా?"

చిన్నంనాయుడు ఈసారి నవ్వలేదు. "నిజమే. కానీ ఇప్పుడు నువ్వు సేసినావు సూడు, ఆ పడవ గుంటడికి. ఈ కాలవ దగ్గర అలా పరిగెత్తడానికి నువ్వున్నావు. ఈ వీధిలో ప్రతీ తల్లీ ఒక కన్ను ఇటే ఏసి ఉంచుతాది. అక్కడెవలున్నారు?" పెరటి వైపు చూసి, "పెరట్లో మనింటి పాత తలుపులున్నాయి. తెల్లారితే నాను కాలవ మీద పరుస్తాను. మనకి ముందు, ఆ బుడ్డోడి ఇంటికి ముందు. ఎన్నొస్తే అన్ని. నీ సంగతే నాకు... ఆ మేడమ్ సెప్పిందంటన్నావు కదా, మరి తగ్గదంట కదా" అన్నాడు.

"నాకెప్పుడు తగ్గినాది గనక" అంది పైడితల్లి.

*

అభ్యంతరాల రోజు పొద్దున్న వాన వెలిసింది. ఆమె తిన్నగా ఆఫీసుకి వెళ్ళలేదు. బడి వేళకి గెడ్డ దగ్గరకి వెళ్ళి, రెండు చేతుల్తో తాడు పట్టుకుని, పాకినట్టుగా వంతెన దాటి అవతలికి వెళ్ళింది. తిరిగి పిల్లలతో కలిసి దాటింది. ఒక్కొక్కరినీ పేరడిగింది. నత్తిగా మాట్లాడే గణేషు. ఒక చెవికే పోగున్న రమ్య. అన్న చొక్కా వేసుకున్న తవిటయ్య, దాని చేతులు పిర్రల కిందకి వేలాడుతున్నాయి. సంజన. సంజన చెయ్యి పట్టుకుని, గెడ్డకి ఇంకా రాయి ఇవ్వని దాని చిన్న చెల్లి జానకి. అది ఇవాళే మొదటిసారి దాటుతోంది. ఖాళీ దగ్గర అది గెంతలేక ఆగిపోతే పైడితల్లి ఎత్తుకుని దాటించింది. కింద నీళ్ళ హోరులో పిల్ల గుండె తన గుండెకి కొట్టుకోవడం తెలిసింది.

కౌన్సిలు హాలు నిండిపోయి ఉంది. ఒక వైపు పెద్దకాలవ వీధి, ఇంకో వైపు వెనక్కి జరిగి నిలబడ్డ గుడిసెల పేట. మధ్యలో కాటా. హాల్లో ఫ్యాన్లన్నీ ఆపించేసింది మేడమ్. చైర్‌పర్సన్ పేరు పిలవగానే పైడితల్లి నడిచి వెళ్ళింది. వీధివాళ్ళు ఆమెకి దారి ఇచ్చారు గాని ఎవరూ ముఖం చూడలేదు.

"తప్పదా?" అని గుసగుసగా అడిగింది మేడమ్.

"ఎట్టండి ఆ ఫొటో."

చెయ్యి గుంతలో పెట్టింది. తెర మీద ఎండిపోయిన గెడ్డ, ఖాళీ వంతెన. లోహం వెచ్చబడింది. ముల్లు కదల్లేదు. పైడితల్లి ఆ ఫొటోని గుచ్చి గుచ్చి చూసింది. అది ఆమె చూసిన వంతెన కాదు. ఎవరూ లేని రేకుల్ని చూసి ఎవరు భయపడతారు? భయం రమ్మంటే రాలేదు. ఇన్నేళ్ళూ పిలవకపోయినా ఇంట్లో కూర్చున్న భయం, కావాల్సినప్పుడు ముఖం చాటేసింది.

"సూసేరా!" బంగారునాయుడు కుర్చీలోంచి లేచాడు. "ఊరిలోకెల్లా పిరికి మనిషికే అక్కడ భయం నేదు. ఇంకేటి, రాసుకోండి!"

వీధి వైపు నుంచి నవ్వులు. గుడిసెల పేట వైపు ఎర్రయ్యమ్మ తల దించుకుంది.

"మేడమ్, ఆ ఫొటో తీసీయండి" అంది పైడితల్లి. "నల్లగా ఉంచండి తెర. తూకం ఆ వంతెన పేరునే రాసుకోండి."

తెర ఆరిపోయింది. కళ్ళు మూసుకుంది. ఒడ్డున నిలబడింది. వాన. ఎర్రటి నీళ్ళు. రేకు మీదకి గణేషు వచ్చాడు. గెంతాడు. దాటాడు. రమ్య వచ్చింది. దాటింది. తవిటయ్య చొక్కా గాలికి ఎగిరింది, చెయ్యి తాడుకి అందలేదు, మళ్ళీ అందింది. సంజన గెంతింది. తరవాత ఖాళీ దగ్గర జానకి ఒక్కతే నిలబడింది. ఎత్తుకునేవాళ్ళు లేరు. వెనక్కి రెండడుగులు వేసింది. గెంతింది.

నీళ్ళ మీద రిబ్బను.

పైడితల్లి నోట్లోంచి వచ్చిన కేక ఆమెది కాదన్నట్టుంది. ముల్లు లేచింది. కాలవకి తూగిన గుర్తు దాటింది. "చెయ్యి తియ్యండి, చాలు, తీసెయ్యండి!" అని మేడమ్ అరుస్తోంది. పైడితల్లి తియ్యలేదు. గణేషుని పిలుస్తోంది. రమ్యని పిలుస్తోంది. ఒక్కొక్కర్నీ పేరుపెట్టి ఒడ్డుకి పిలుస్తోంది. ముల్లు మేకుకి కొట్టుకుని, వంగి, విరిగి పళ్ళెంలో పడింది.

మేడమే లేచి ఆమె మణికట్టు పట్టుకుని లాగేసింది.

పైడితల్లి వీధివాళ్ళ వైపు తిరిగింది.

"కాలవకి కాపలా నానున్నాను. మీరందరూ ఉన్నారు. ఆ వంతెనకి భయపడీవోలు ఎవలూ నేరమ్మా. ఒకలైనా ఉండాల కదా" అంది.

చైర్‌పర్సన్ కొత్త అంకె చదివి వినిపించింది. డబ్బు వంతెనకి మళ్ళించడానికి ఒప్పుకునే కౌన్సిలర్లని చేతులెత్తమన్నారు. బంగారునాయుడు సందర్శకుల కుర్చీల్లోంచి పెళ్ళానికి వద్దు వద్దని సైగ చేస్తున్నాడు. ధనలక్ష్మిగారు కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, రెండో చెయ్యి ఎత్తింది.

*

శర్వాణి మేడమ్ కాటాని లారీలో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ తెచ్చేటట్టయితే ముందు ప్రతి చోటికీ వానలో తనే నడిచి వెళ్ళి చూస్తానంది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ పైడితల్లికి జాకెట్టు గుడ్డలివ్వరు. కాలవ మీద చిన్నంనాయుడు పరిచిన పాత తలుపులు వానకి ఉబ్బి, అడుగు పెడితే కిర్రుమంటాయి. ఆ కిర్రు వినపడ్డప్పుడల్లా ఆమె మిషను ఆపుతుంది.

భయం మాత్రం నిద్రపోలేదు. మేడమ్ చెప్పినట్టే పోలేదు.

గెడ్డలో కొత్త వంతెనకి గుంతలు తవ్వుతున్నారు. అది లేచేదాకా పిల్లలు ఆ రేకుల మీదే. బడి వేళకి పొద్దున్న ఇవతలి ఒడ్డునా, సాయంత్రం పేట వైపు ఒడ్డునా పైడితల్లి ఉంటుంది. ఖాళీ మీద చిన్నంనాయుడు ఒక చెక్క బిగించాడు. అయినా ఆమె ప్రతి పిల్లనీ పేరు పెట్టి పిలుస్తుంది, దాటాక "ఎల్లు" అంటుంది. పిల్లలకి అదొక ఆట అయిపోయింది. పిలవకపోతే కదలరు.

ఒక సాయంత్రం ఎర్రయ్యమ్మ బట్టీ నుంచి వస్తూ ఆమె ముఖం చూసింది. కళ్ళ కింద నల్లటి చారలు. వంగి, ఒడ్డున ఒక నున్నటి రాయి ఏరి ఆమె అరచేతిలో పెట్టింది.

"ఇసిరీ అప్పా. మా అందరికీ పనిసేసినాది. నీకూ తగ్గుతాది."

పైడితల్లి గుప్పిట మూసింది. రాయి చల్లగా ఉంది. చెయ్యి వెనక్కి ఎత్తింది కూడా. అప్పుడే వంతెన అవతలి కొసని జానకి కనపడింది, అక్క చెయ్యి విడిపించుకుని, ఒక్కతే, మొదటి రేకు మీద అడుగు పెడుతూ.

పైడితల్లి చెయ్యి దించేసింది. రాయిని కొంగు చివర ముడేసుకుంది.

"ఉండనీ" అంది, కళ్ళు ఆ పిల్ల కాళ్ళ మీంచి తియ్యకుండా. "అందరూ దాటనీ, అప్పుడిసురుతాను. జానకీ! నిమ్మళంగా రా తల్లీ, నాను సూస్తన్నాను."